టవర్ ఎక్కే ముందు ఒక కేక

పెళ్ళిళ్ళలో నన్ను ఎవరైనా పనిగట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారంటే అది పిల్ల సంబంధం గురించి కాదు, సెల్ టవర్ గురించేనని నాకు అర్థమైపోతుంది. "మీరు ఆ డిపార్టుమెంటులోనే చేశారట కదండీ" అని మొదలుపెడతారు. ఫోన్ తలగడ కింద పెట్టుకుని పడుకోవచ్చా అంటారు. వైఫై డబ్బా పిల్లల గదిలో ఉంటే మంచిదేనా అంటారు. "మా ఎదురింటి మేడ మీద టవర్ పెట్టారు, అప్పటినుంచీ మా ఆయనకు నిద్ర లేదు" అని ఒకావిడ వాపోయింది. ఆయనకు నిద్ర పట్టకపోవడానికి వేరే కారణాలు చాలా ఉండి ఉంటాయని, ఆవిడ మాట్లాడిన పావుగంటలోనే నాకు తోచింది. కానీ విస్తరి ముందు కూర్చుని అలాంటివి అనకూడదు కదా.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు మీరూ ఇదే అడుగుతున్నారు. నా జవాబులో సగం పుస్తకాల్లో ఉన్నదే. ఈ తరంగాలకు ఎక్స్‌రేకి ఉన్న బలం లేదు. మరీ దగ్గరగా, మరీ ఎక్కువగా ఉంటే ఒంటిని కాస్త వేడి చేస్తాయి. అందుకే ఇంతకు మించకూడదని హద్దులు పెట్టారు. ఆ హద్దుల్లో ఉన్నంతవరకు హాని జరుగుతుందని గట్టిగా తేలలేదు. అయినా పరిశోధన చేసేవాళ్ళు ఊరుకోలేదు, చూస్తూనే ఉన్నారు. ఇంతే. ఇది చెప్పడానికి వక్కపొడి నమిలేంత సేపు చాలు. మిగతా సగం జవాబు మాత్రం లాడ్ బజార్ వెనక ఒక సందులో నేర్చుకున్నాను. దానికి కాస్త టైము పడుతుంది, కూర్చోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. సెల్‌ఫోన్ అప్పుడప్పుడే గొప్పవాళ్ళ చేతుల్లోంచి మామూలు మనుషుల జేబుల్లోకి దిగుతోంది. పాతబస్తీలో సిగ్నల్ అందడం లేదని ఒకటే గోల. మేడ దొరికితే చాలు, మేం టవర్ వేసేస్తున్నాం. నేను గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికని వచ్చి హైదరాబాదులో పాతుకుపోయిన మనిషిని. మా జట్టులో ఫీల్డుకు వెళ్ళే ఆడదాన్ని నేనొక్కదాన్నే.

భయం నాకేమీ కొత్త కాదు. మా ఇంట్లోనే ఉండేది. నేను గుమ్మం తొక్కగానే మా అత్తగారు నా ఫోన్ తీసుకుని బిస్కెట్ల రేకు డబ్బాలో పడేసి మూత బిగించేవారు. "రేకులోంచి రాలేవే అవి" అనేవారు. కాసేపటికి డబ్బాలోంచి రింగు మోగేది. "వస్తున్నాయి చూడండి అత్తయ్యా" అంటే, "శబ్దం వస్తుంది గానీ విషం రాదు" అనేవారు. వాదించి లాభం లేదు. టవర్లు వేసి బతికే కోడలు, ఆ టవర్ల నుంచి ఇంటిని కాపాడే అత్త. మా కాపురం అలా సాగింది.

మా పెద్దసారు గురించి కూడా చెప్పాలి. మంచివాడు, తెలివైనవాడు. ఎవరైనా రేడియేషన్ అనే మాట ఎత్తితే చాలు, బ్లాక్‌బోర్డు కోసం వెతుక్కునేవాడు. తరంగాలు కొలిచే మీటరు ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని తోలు పెట్టెలో పెట్టి, పెళ్ళికి నగలు తీసుకెళ్తున్నట్టు ఒళ్ళో పెట్టుకుని జీపులో కూర్చునేవాడు. ఆ జీపు నడిపేది మా లైన్‌మన్. ఫలక్‌నుమా మనిషి. జీపు తోలడం, కేబుల్ లాగడం, గొడవలు సర్దడం అన్నీ ఆయన పనే. అందరూ అన్నా అనేవారు, నేనూ అన్నా అనేదాన్ని.

ఒక చలికాలం ఉదయం ఆఫీసుకు రాగానే లైన్‌మన్ అన్న ఎదురొచ్చాడు.

"మేడం, మస్తు లొల్లి అయితుంది. లాడ్ బజార్ సందుల మన టవర్ ఉన్నది గద, గా గల్లీ మొత్తం లోపల కూసున్నరు. సార్ బోర్డు మీద బొమ్మ గీస్తున్నడు. బొమ్మ జూసి ఇంక గరమయితున్నరు."

లోపల నిజంగానే పదిమంది దాకా ఉన్నారు. అందరికన్నా ముందు నిలబడ్డ మనిషిది లక్క గాజుల వ్యాపారం. మా టవర్ ఒక బట్టల షాపు మేడ మీద ఉంది. దాన్ని ఆనుకునే ఇతని ఇల్లు. ఇంట్లో ఆడవాళ్ళు గాజులు చేస్తారు, ఇతను బజార్లో అమ్ముతాడు. టవర్ లేచినప్పటినుంచీ ఇంట్లో ఆడవాళ్ళకు తలనొప్పులు, వాంతులు. కడుపుతో ఉన్న భార్య ఆ వారంలోనే రెండుసార్లు స్పృహ తప్పి పడిపోయింది.

"సార్, నాకు బొమ్మలొద్దు. మొదటిసారి కడుపు నిలువలే. గిప్పుడు గిది గిట్ల పోతే నా బీవీ బతుకది. జుమ్మా నమాజ్ అయినంక గల్లీ పెద్దలు కూసుంటరు. అప్పటికి మీరు దాన్ని దించకుంటె మేమే దించుతం" అన్నాడు. గొంతు పెంచలేదు. అరిచే మనిషైతే మాకు అలవాటే. ఈయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రి నిద్రపోలేదని తెలుస్తోంది. నాకు పాపం అనిపించింది.

మా సారు అదే రోజు మీటరు పట్టుకుని బయల్దేరాడు. గల్లీలో కొలిచాడు, బట్టల షాపు మేడ మీద కొలిచాడు, గాజులాయన ఇంట్లో మగవాళ్ళు కూర్చునే ముందు గదిలో కొలిచాడు. సూది లేచీ లేవనట్టు ఉండిపోయింది. అదే శుభం అని సారు ఉద్దేశం. జనం ఉద్దేశం వేరు. సూది కదలకపోతే మిషన్ ఖరాబైందని వాళ్ళ లెక్క.

"సార్, మొగోళ్ళకు ఏం గాలే. ఆడోళ్ళకే అయితుంది. గది ఆలోచించుర్రి" అన్నాడు గాజులాయన.

సారు చిద్విలాసంగా నవ్వాడు. "చూడు బాబూ, తరంగాలకు ఆడా మగా తేడా ఉండదు. ఒకే ఇంట్లో మీకు లేని జబ్బు వాళ్ళకొచ్చిందంటే, అది తరంగాల వల్ల కాదని నువ్వే చెబుతున్నావు."

మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మరైతే ఆడవాళ్ళకే ఎందుకు వస్తోందని ఆ తరవాతి ప్రశ్న వేసుకుని ఉంటే అక్కడే తేలిపోయేది. సారు వేసుకోలేదు, నేనూ వేసుకోలేదు. భయం, మానసికం అని ఇద్దరం ఒక అభిప్రాయానికి వచ్చేసి చాయ్ కప్పులు కింద పెట్టాం.

అప్పుడు లోపలి గుమ్మానికి వేలాడుతున్న పరదా వెనకనుంచి ఒక పెద్ద గొంతు వినిపించింది. గాజులాయన తల్లి. గల్లీ అంతా అమ్మీ అని పిలుస్తారు.

"ఏంది సాబ్ గిది? బీమారున్నోళ్ళం మేం ఈడ లోపలుంటె, మీరు గల్లీ చెయ్యి వట్టుకొని నబ్జ్ చూస్తున్నరు. గా డబ్బా లోపలికి తెండ్రి."

సారు నా వంక చూశాడు, నేను సారు వంక చూశాను. నిజమే కదా. మేము కొలవని చోటు ఒక్కటే మిగిలింది, జబ్బుపడ్డవాళ్ళు ఉండేది అక్కడే. పరాయి మగవాళ్ళు ఆ పరదా దాటకూడదు గనక సారుకు ఆ చోటు లెక్కలోకే రాలేదు. అసలు ఆ మీటరును సారు చేతిలోంచి నా చేతిలోకి తీసుకోవడానికే నాకు సాయంత్రం దాకా పట్టింది. కొత్త కోడలికి తాళాలిచ్చినంత బాధపడుతూ ఇచ్చాడు. "ఊపకండి, తడి తగలనివ్వకండి, పిల్లల చేతికివ్వకండి" అని పది జాగ్రత్తలు చెప్పాడు.

మర్నాడు లైన్‌మన్ అన్నను ముందు గదిలో కూర్చోబెట్టి నేను పరదా దాటాను.

మధ్యలో ఒక పెద్ద వాకిలి, ఓ మూల జామచెట్టు, దాని చుట్టూ మూడు వైపులా గదులు. వాకిలి ఖాళీగా ఉంది. ఆడవాళ్ళందరూ చివరి గదిలో ఉన్నారు. నడుమ బొగ్గుల కుంపటి, దాని మీద ఇనప పెనం. పెనం మీద లక్క గాజు మెత్తబడగానే ఒకరు అందుకుని దాంట్లో చిన్న పట్టకారుతో మెరుపు రాళ్ళు గుచ్చుతారు, ఇంకొకరు దాన్ని గుండ్రంగా దిద్దుతారు. ఆ వేళ్ళ వేగం చూస్తే నా డిగ్రీ మీద నాకే చిన్నచూపు కలిగింది. కోడలు గోడకు చేరగిలబడి ఉంది. ఇరవై దాటి ఉంటాయేమో. ముఖం పాలిపోయి ఉన్నా చేతిలో గాజు మాత్రం వదల్లేదు. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను.

గది కిటికీకి మందపాటి దుప్పటి బిగించేశారు. పైనున్న వెంటిలేటర్‌లో ఓ పాత పరుపు కుక్కేశారు. ఇది చూడగానే నాకు మా అత్తగారి రేకు డబ్బా గుర్తుకొచ్చింది. పాపం తరంగాలు రాకుండా దుప్పట్లు కట్టుకున్నారు అనుకున్నాను. నవ్వు వచ్చింది, ఆపుకున్నాను.

మీటరు బయటకు తీశాను. పది తలలు ఒక్కసారి సూది మీదకు వంగాయి. సూది లేవలేదు. ఒకావిడ తన నెత్తి దగ్గర పెట్టించుకుంది. ఇంకొకావిడ దాన్ని కోడలి పొట్ట దగ్గర పెట్టమంది. ఎక్కడ పెట్టినా అంతే.

"మిషన్ ఝూటా ఉన్నది" అని అమ్మీ తీర్పు చెప్పింది. "పర్వాలే. చాయ్ తాగు బేటీ."

చాయ్, బిస్కెట్లు వచ్చాయి. మా ఊరేది, పిల్లలెందరు, మీ ఆయన ఏం చేస్తాడు, మెడలో గొలుసు ఇంత సన్నగా ఎందుకుంది అని నా వంతు విచారణ మొదలైంది. కబుర్లలో చాలాసేపు గడిచింది. ఉన్నట్టుండి నా కణతలు టకటక కొట్టుకోవడం మొదలైంది. కడుపులో తిప్పినట్టయింది.

అబద్ధమెందుకు, నాకే భయం వేసింది. టవర్ల మధ్య ఇన్నేళ్ళు తిరిగినదాన్ని, ఎప్పుడూ లేని తలనొప్పి ఈ గదిలోనే ఎందుకొచ్చింది? ఒళ్ళో మీటరు సున్నా చూపిస్తోంది, తల పగిలిపోతోంది. పుస్తకాలన్నీ తప్పేమో, మా అత్తగారే ఒప్పేమో అని ఒక్క క్షణం నిజంగా అనుకున్నాను. ఇంజనీరింగు చదువంతా ఆ క్షణంలో బిస్కెట్ల డబ్బా ముందు సాష్టాంగపడింది.

మొహం కడుక్కుంటానని వాకిట్లోకొచ్చాను. జామచెట్టు పక్కన కుళాయి. చల్లటి గాలి తగిలింది. రెండు నిమిషాలు నిలబడేసరికి తల తేలికపడింది. వింతగా ఉంది. గదికంటే టవర్‌కు ఈ వాకిలే దగ్గర. తరంగాల వల్లయితే ఇక్కడే కదా ఎక్కువ నొప్పి రావాలి!

కిందికి చూస్తే చెట్టు నీడలో బండ మీద నల్లటి గుండ్రటి మరక కనిపించింది. ఏళ్ళ తరబడి కుంపటి పెట్టిన చోట పడే మరక.

"అమ్మీ, కుంపటి ముందు ఇక్కడ పెట్టేవారా?" అన్నాను, నా వెనకే గుమ్మం దాకా వచ్చిన ఆవిడతో.

"హౌ. నేను దుల్హన్ అయి వచ్చినప్పటి సంది గక్కడనే. మా అత్త గూడ గక్కడనే కూసునేది."

"మరి లోపలికెందుకు మార్చారు?"

అమ్మీ నా అమాయకత్వానికి జాలిపడినట్టు చూసి, దుపట్టా ముందుకు లాక్కుని, వేలెత్తి ఆకాశం వైపు చూపించింది.

తలెత్తి చూశాను. మా టవర్ మీద, నడుముకు బెల్టు కట్టుకుని, మా టవర్లెక్కే మనిషి ఒకడు వేలాడుతున్నాడు. ముప్పై దాటిన బుంగమీసాల మనిషి, మా గోదావరి జిల్లావాడే. యాంటెన్నా సరిచేయడానికి ఆరోజు వస్తాడని నాకు గుర్తే లేదు. అతను మాత్రం నన్ను చూసి పొంగిపోయి, ఒక చేయి వదిలి మరీ ఊపాడు.

"మేడం గోరూ! నమస్కారమండీ! తవరు ఇక్కడున్నారేంటండీ!"

గుమ్మంలోకి వచ్చిన ఆడవాళ్ళు చప్పున లోపలికి వెళ్ళిపోయారు. తలుపు మూసుకుంది. వాకిట్లో నేను, పైన అతను మిగిలాం.

అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఆ దుప్పటి, ఆ పరుపు తరంగాల కోసం కాదు, మా మనిషి కళ్ళ కోసం. కొత్త టవర్ గనక వారంలో సగం రోజులు ఎవడో ఒకడు ఎక్కుతూనే ఉన్నాడు. ఎప్పుడు ఎక్కుతాడో తెలియదు. అందుకని ఈ ఆడవాళ్ళు వాకిలి వదిలేసి, కుంపటితో సహా గదిలోకి వెళ్ళి, సందు లేకుండా మూసుకుని కూర్చుంటున్నారు. ఒకప్పుడు చలికాలంలో మా ఊళ్ళో తోట కాపలా మనిషి ఒకడు ఇలాగే గుడిసె తలుపు బిగించుకుని, కుంపటి పక్కన పడుకుని మళ్ళీ లేవలేదు. నిప్పులేనిదే పొగ రాదంటారు గానీ, బాగా రాజుకున్న బొగ్గులకు పొగే ఉండదు. కంటికి కనపడని విషం గదంతా నిండుతుంది. కడుపుతో ఉన్న పిల్ల మీద అందరికన్నా ముందు పనిచేస్తుంది.

నేను తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తాను. కోడలి భుజం పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చాను. ఒక చేత్తో దుప్పటి లాగేశాను. తరవాత ముందు గదిలోకి కేకేశాను. "అన్నా, ముందు మనోణ్ణి దించు! జీపు తియ్యి, ఆస్పత్రికి పోవాలి!"

"ఎవల్ని దించాలె మేడం?" అన్నాడు అన్న కంగారుగా.

"పైనున్నవాణ్ణి!"

ఆస్పత్రిలో లేడీ డాక్టరు నేను చెప్పింది మొత్తం విని, పరీక్షలు చేసి, కోడలి ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టింది. అంతకుముందు రెండుసార్లు వచ్చినప్పుడు రక్తం తక్కువని మాత్రలిచ్చి పంపారట. మూసిన గదిలో కుంపటి పక్కన కూర్చుంటోందని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. "ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగి ఉంటే బిడ్డ దక్కేది కాదు. ఇప్పుడు ఫరవాలేదు" అంది డాక్టరు. అమ్మీ ఆస్పత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సర్వీసులో ఆఫీసు పని మీద ఏడవడం అదొక్కసారే.

మర్నాడు సంగతంతా విని మా సారు కుర్చీలో వెనక్కి వాలాడు.

"నేను చెప్పానా, టవర్ కాదని!"

"టవరే సార్" అన్నాను.

"అదేంటండీ, బొగ్గు కుంపటి అని మీరే అన్నారు!"

"తరంగాలు కాదు సార్. టవరే. టవర్ రాకపోతే కుంపటి వాకిట్లోనే ఉండేది."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. ఆయనకు నచ్చలేదు గానీ, కాదనడానికి బ్లాక్‌బోర్డు మీద గీయగలిగిన బొమ్మ ఏదీ దొరకలేదు.

శుక్రవారం నమాజు తరవాత గల్లీ పెద్దలు కూర్చున్నారు. టవర్ దించే మాట పోయింది, కొత్త మాట వచ్చింది. పరదా వెనకనుంచి అమ్మీ మమ్మల్ని నిలదీసింది.

"కప్పు మీదికి సున్నం ఏసే మేస్త్రీ ఎక్కుతడు, పతంగి కోసం పోరగాడు ఎక్కుతడు. ఎవ్వడు ఎక్కినా ముందుగాల గల్లీల నిలబడి పర్దా అని కేకేస్తడు. మేం సదురుకుంటం, గప్పుడు ఎక్కుతడు. గింత పెద్ద కంపెనీ, మీకు గా ఒక్క ముచ్చట ఎవ్వరు నేర్పలేదా?"

నేర్పలేదు. హెల్మెట్ నేర్పారు, బెల్టు నేర్పారు, పిడుగులు పడేటప్పుడు ఎక్కకూడదని నేర్పారు. మా సారు గొంతు సవరించుకుని, ఇకనుంచి కేకేసి, జవాబు వచ్చాకే ఎక్కుతారని మాటిచ్చాడు. బట్టల షాపాయన మేడకు ఆ వైపున షామియానా గుడ్డ కట్టించాడు. కుంపటి జామచెట్టు కిందికి తిరిగొచ్చింది.

ఇక మా బుంగమీసాల మనిషి కేక. మా గోదావరి గాలి ఎక్కడికి పోతుంది! మొదటిరోజు గల్లీలో నిలబడి, "పర్దా అండీ! అమ్మగోర్లూ, పర్దా! ఎక్కుతన్నానండీ!" అని పడవవాణ్ణి పిలిచినట్టు పిలిచాడు. గల్లీ గల్లీ పగలబడి నవ్విందని లైన్‌మన్ అన్న వచ్చి చెప్పాడు. పాతబస్తీలో మా టవర్లన్నిటికీ ఆ కేక అలవాటు చేశాం. పైఆఫీసు నుంచి తనిఖీకొచ్చిన పెద్దమనిషి ఒకాయన, మావాళ్ళు ఎక్కేముందు మొక్కుకునే మంత్రమేమో అనుకున్నాడు.

తలనొప్పులు పోయాయి. అయితే గల్లీలో స్థిరపడ్డ కథ వేరు. మేడం వచ్చి టవర్ పవర్ తగ్గించి పోయిందట. నేను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లనే అంటారు కదా, ఊరుకున్నాను.

ఎండాకాలం వెళ్ళేటప్పుడు ఒక ఉదయం మా రేకు డబ్బా మోగింది. అత్తగారే మూత తీసి ఫోన్ ఇచ్చారు. గాజులాయన. "మేడం, ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు. అమ్మీ మిమ్మల్ని రమ్మంటున్నది."

వెళ్ళాను. జామచెట్టు కింద పెనం వేడెక్కుతోంది, ఆడవాళ్ళు రాళ్ళు గుచ్చుతున్నారు. కోడలి ముఖానికి కళ తిరిగొచ్చింది. అమ్మీ పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వేలెడంత చేతులకు అప్పుడే ఎర్రటి లక్క గాజులు తొడిగేశారు.

ఇంతలో గల్లీలోంచి వినిపించింది. "పర్దా అండీ! ఎక్కుతన్నానండీ!"

ఒళ్ళో పిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. అమ్మీ కంగారేమీ పడకుండా, "ఠైరో, జర ఆగు!" అని అరిచింది. అందరూ దుపట్టాలు సర్దుకున్నారు. చేతిలో ఉన్న గాజు దిద్దడం అయింది. పిల్ల ఏడుపు ఆగింది. అప్పుడు తీరిగ్గా, "హౌ, ఎక్కు" అని అనుమతిచ్చింది. ఎవరూ లోపలికి వెళ్ళలేదు.

తరవాత నా వైపు తిరిగింది.

"నేను ముందే చెప్పిన గద బేటీ, టవర్‌తోనే అని. మీ సార్ నమ్మలే."

"అవును అమ్మీ" అన్నాను, పిల్లను గుండెకు హత్తుకుని. "టవర్‌తోనే."